సంస్థ పేరు రాసే చోట ఖాళీ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షులకు, సభ్యులకు,



మీరు నమూనా ఇచ్చి నింపమన్న ఇంటర్న్‌షిప్ లాగ్‌బుక్కును మీలో ఎవరైనా ఈమధ్య చేతిలోకి తీసుకుని చూశారా? వారానికొక పట్టిక. పట్టికలో గడులు: తేదీ, ఆ రోజు చేసిన పని, దాంతో నేర్చుకున్నది, పని చూసే అధికారి సంతకం. అంతా ఇంగ్లీషు. డిగ్రీ కాలేజీ ఉన్న ఏ చిన్న ఊళ్ళోనైనా, వైవాకు రెండు రోజుల ముందు, గేటు బయటి జిరాక్స్ షాపు బల్ల మీద ఈ పుస్తకం కనబడుతుంది. ఒక పిల్లోడు సీనియర్ పుస్తకం ముందు పెట్టుకుని తనది నింపుతుంటాడు. సోమవారానికి నీలం పెన్ను, మంగళవారానికి నలుపు. ఒక్క పూటలో కూర్చుని రాసినట్టు కనపడకూడదు కదా! ‘నేర్చుకున్నది’ అనే గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెన్ను ఆగుతుంది. పక్కవాణ్ణి అడుగుతాడు: “దీంట్లో ఏం రాసినావురా?”

“ఏదో ఒకటి రాయప్పా, ఎవురు సూస్తారు?”

అబద్ధం రాస్తున్నాడని వాణ్ణి తిట్టడం తేలిక. ఆ అబద్ధం వాడికి అవసరమయ్యేలా చేసిందెవరు?

2020-21లో డిగ్రీలో చేరినవాళ్ళ నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల పని, ఆపైన మూడో ఏట ఒక సెమిస్టరంతా పనిలోనే. దేశంలో ఈ పని చేసిన తొలి రాష్ట్రం మనదేనని గొప్పగా చెప్పుకున్నారు. 2023-24లో మూడు సబ్జెక్టుల డిగ్రీ పోయి సింగిల్ మేజర్ వచ్చింది. ముందుముందు మీరు ఇంకా మారుస్తారు. నెలలు తగ్గొచ్చు, పేర్లు మారొచ్చు. ఎన్ని మార్పులు చేసినా మీ ఆలోచనలో ఒక్కటి మాత్రం కదలడం లేదు. నిబంధన పెట్టడం మండలి వంతు, చోటు వెతుక్కోవడం పిల్లల వంతు. అనంతపురం జిల్లా వజ్రకరూరుకు మింగుడు పడనిది ఇదే.

వజ్రకరూరు అనగానే మంగళగిరిలో కూర్చున్నవారికి గుర్తొచ్చేది వజ్రాల వేటే అయివుంటుంది. తొలకరి పడి ఎర్రనేల కడిగినట్టయ్యాక చుట్టుపక్కల జిల్లాల నుంచీ, అటు కర్ణాటక నుంచీ జనం దిగుతారు. సద్దిమూట కట్టుకుని, దొరికిన అరుగు మీద పడుకుని, పొద్దున్నే చేన్లలోకి దిగి తల వంచుకుని నడుస్తారు. ఎండ ఏటవాలుగా పడితే రాయి తళుక్కుమంటుందని ఆశ. ఎవరో ఒకరికి దొరికితే పేపర్లో వస్తుంది. ఖాళీ చేతులతో బస్సెక్కిన మిగతావాళ్ళ సంగతి ఏ పేపర్లోనూ రాదు. విత్తనం వేసిన చేను తొక్కించుకున్న రైతు తిట్లూ రావు. ఇంటర్న్‌షిప్‌ను మీరు అచ్చం ఇలాగే నడుపుతున్నారు. పెద్ద కంపెనీలో చోటు దొరికిన నలుగురి ఫొటోలు బ్రోషర్లకెక్కుతాయి. మిగతావాళ్ళు తల వంచుకుని తిరుగుతూనే ఉంటారు.

ఆ ఊరి పిల్లలు డిగ్రీకి ఉరవకొండకో గుంతకల్లుకో పోతారు. అనంతపురం యాభై కిలోమీటర్లకు తక్కువ ఉండదు. జిల్లాలో పరిశ్రమ అంటే అందరూ చూపించే కియా కార్ల ఫ్యాక్టరీ పెనుకొండ దగ్గర ఉంది. వంద కిలోమీటర్ల పైమాట. 2022 ఏప్రిల్‌లో జిల్లా చీలాక అది పొరుగు జిల్లా సొత్తు కూడా అయింది. ఈ దూరాలు దాటడానికి పిల్లల చేతికి అందేది కాలేజీ ఇచ్చే పరిచయ పత్రం ఒకటే. మా విద్యార్థికి మీ సంస్థలో ఇంటర్న్‌గా అవకాశం ఇవ్వగలరు అని రెండు ముక్కలు, కింద ప్రిన్సిపాల్ సంతకం, గుండ్రటి ముద్ర. పైన సంస్థ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మెడికల్ షాపు, కంప్యూటర్ సెంటరు, ఆడిటరు ఆఫీసు, ఎరువుల అంగడి... ఎవరు ఊఁ అంటే వాళ్ళ పేరు ఆ ఖాళీలోకి ఎక్కుతుంది. ఎరువుల అంగడాయన బీకాం చదివే పిల్లోడికి పద్దు రాయడం నేర్పితే నిజానికి మంచిదే. ఆయన మాత్రం మూటలు మోయిస్తే మోయిస్తాడు, లేదంటే “నువ్వు రావద్దులే నాయనా, కడాకు వస్తే ముద్ర వేసిస్తా” అంటాడు. ఆయన్ని తప్పు పట్టడానికేముంది? ఇంటర్న్ అంటే ఏమిటో, ఏం నేర్పాలో ఆయనకు చెప్పడానికి ఎవరైనా వచ్చారా?

మీ మార్గదర్శకాల్లో మెంటర్ ఉన్నాడు. పరిశ్రమ ఉంది, కాలేజీ ఉంది, రెంటికీ మధ్య ఒప్పందాలున్నాయి. కాగితం మీద లోటేమీ లేదు. గెస్ట్ ఫ్యాకల్టీతో బండి లాగే డిపార్టుమెంటులో మాత్రం ఆ మెంటర్‌కే వచ్చే ఏడు కొలువుంటుందో లేదో తెలియదు. ఆయన పిల్లల వెంట ఊరూరా తిరిగి చూసి వస్తారని మండలి నిజంగానే నమ్ముతోందా? చోటు దొరకనివాళ్ళకు ఆన్‌లైన్ ఉంది కదా అంటారు. సెల్‌ఫోన్లో వీడియోలు ఆడించి, చివర నాలుగు ప్రశ్నలకు టిక్కు పెడితే సర్టిఫికెట్ వస్తుంది. చరిత్ర మేజరుగా చదివే పిల్ల క్లౌడ్ కంప్యూటింగ్‌లో ఇంటర్న్ అయి తేలుతుంది. సిగ్నలు అందక మిద్దెక్కి నిలబడి చూసిన ఆ వీడియోలో ఆమెకు అర్థమైంది ఎంత అనే ప్రశ్నకు లాగ్‌బుక్కులో ఎవరూ జవాబు వెతకరు.

ఇక డబ్బు సంగతి. అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. దాని కింద డిగ్రీ పూర్తిచేసిన అప్రెంటిస్‌కు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలని 2019లో నిబంధన సవరించారు. 2024 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకు 5,000 ఇస్తామన్నారు. పూర్తికాలం చదువులో ఉన్నవాళ్ళు దానికి అర్హులు కారన్నారు. మన అనంతపురం ప్రభుత్వాసుపత్రిలోనే హౌస్ సర్జన్ కూడా ఇంటర్నే. ఆయన స్టైపెండ్‌ను రాష్ట్రం 2022లో నెలకు 22,527 రూపాయలకు పెంచింది. పెంచాలని హౌస్ సర్జన్లు అడిగారు, సమ్మెల దాకా వెళ్ళారు, సాధించుకున్నారు, న్యాయమే. అదే ప్రభుత్వం నడిపే డిగ్రీ కాలేజీ ఇంటర్న్‌కు ఎంత? సున్నా. చదువు అయ్యాక పనిలో చేరితే డబ్బు, వైద్యం చదివితే డబ్బు, డిగ్రీ చదువుతూ పని చేస్తే మాత్రం ఎదురు ఖర్చు. ఈ లెక్క ఏ సూత్రం ప్రకారం తేలిందో మండలి వివరిస్తుందా?

ఉపాధి హామీ పనికి పోయిన తల్లికి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకూలి రేటు 307 రూపాయలు. ఆ పథకం దేశంలో మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. తట్ట మోసిన మనిషికి కూలి ఇవ్వాలని దేశానికి చాటిన జిల్లా ఇది. ఇక్కడ ఆరు నెలలు కూలి లేకుండా పని చేసిరమ్మని కొడుక్కి చెబితే ఆ తల్లి ఏమనుకోవాలి? ఆ ఆరు నెలలూ వాడు బెంగుళూరులో సెక్యూరిటీ పనికి పోయినా ఇంటికి కొంత పంపేవాడు. పోతున్నారు కూడా. అలా పోయినవాళ్ళ లాగ్‌బుక్కులు కూడా నిండుగానే ఉంటాయి, రెండు రంగుల పెన్నులతో.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ పథకం పెట్టినవాళ్ళు ఇంటర్న్‌షిప్‌లను తలచుకుని ఉండరు గానీ, పల్లెల్లో డిగ్రీ చదివే ఆడపిల్లలకు అది మీ మార్గదర్శకాలన్నిటికన్నా ఎక్కువ సాయం చేసింది. ఛార్జీ తప్పింది. సాయంత్రం ఆఫీసు వదిలాక ఊరికి బస్సుందా, దిగాక చీకట్లో ఇల్లు చేరేదెలా అన్నవి తప్పలేదు. వాటికి భయపడే చాలా ఇళ్ళలో “సర్టిఫికెట్ మటుకు తెచ్చుకో, పోవద్దు” అంటున్నారు.

పోనీ, ఈ చుట్టుపక్కల నేర్పే చోట్లు నిజంగా లేవా అంటే, అక్కడే అసలు కడుపుమంట. వజ్రకరూరు నేల కింద 110 కోట్ల ఏళ్ళ నాటి కింబర్లైట్ రాతి గొట్టాలున్నాయి. ప్రపంచంలోని భూగర్భ శాస్త్రవేత్తలు ఈ ఊరి పేరుతోనే వాటిని పిలుస్తారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) వాళ్ళ క్యాంపూ, కింబర్లైట్ మ్యూజియమూ ఊళ్ళోనే ఉన్నాయి. రాగులపాడులో హంద్రీ-నీవా నీళ్ళు ఎత్తిపోసే పంపుహౌస్ ఉంది. ఫిజిక్సు పుస్తకంలో గీసిన మోటారు అక్కడ ఇంటి ఎత్తున నిలబడి తిరుగుతుంది. చుట్టూ గాలిమరలు. గుంతకల్లులో రైల్వే డివిజన్ కేంద్రమే ఉంది, లోకోషెడ్లున్నాయి, వందల టేబుళ్ళున్న ఆఫీసులున్నాయి. ఉరవకొండలో చేనేత మగ్గాలున్నాయి. అనంతపురం పక్కన రేకులకుంటలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో వేరుశనగ ఎలా నిలబడుతుందో ఏళ్ళ తరబడి తేలుస్తున్నది అక్కడే. ఇక ఊరూరా 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు. సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ సహాయకుడు, డిజిటల్ అసిస్టెంటు, అందరూ నడిచిపోయే దూరంలో.

వీటిలో చాలా మటుకు సర్కారు తలుపులే. పందొమ్మిదేళ్ళ పిల్లోడు ఖాళీ పరిచయ పత్రం పట్టుకుని పోయి తడితే అవి తెరుచుకోవు. పంపుహౌస్ గేటు దగ్గర వాచ్‌మన్ “పర్మిషన్ లెటరేదీ?” అంటాడు, అనాల్సిందే, అది వాడి ఉద్యోగం. రైల్వే వాళ్ళు “డివిజనల్ ఆఫీసులో అడుగు” అంటారు. ఆ పర్మిషన్ లెటరు రాయగలిగింది ఎవరు? 1988లో చట్టం చేసి మండలిని పెట్టింది దేనికి? మీరు జీఎస్ఐకి ఒక ఉత్తరం, రైల్వేకి ఒక ఉత్తరం, జలవనరుల శాఖకు ఒక ఉత్తరం రాసి ఒప్పందం చేసుకుంటే వజ్రకరూరు చుట్టుపక్కలే ప్రతి ఏడూ ఎంతోమందికి చోటు దొరికేది. ఐటీ కంపెనీలతో కుదుర్చుకున్న ఒప్పందాలకు ప్రెస్ మీట్లు పెట్టినవారికి రాగులపాడు కనపడలేదంటే ఏమనుకోవాలి?

ఒక హెచ్చరిక కూడా. సచివాలయాలు తెరవమంటే రేపు పిల్లల్ని తీసుకెళ్ళి ఉచిత డేటా ఎంట్రీకి కూర్చోబెడతారనే భయం లేకపోలేదు. ఏం నేర్పాలో రాసి ఇవ్వకుండా తలుపులు మాత్రమే తెరిస్తే జరిగేది అదే.

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు సంగతి ఇంకా విడ్డూరం. 180 గంటలు, సొంత ఊళ్ళోనే చెయ్యొచ్చు, సర్వే చేసి రిపోర్టు రాయాలి. మీరు పెట్టినవాటిలో మేలైనది ఇదే, మొహమాటం లేకుండా చెప్పాలంటే. ఎందుకంటే ఇక్కడి పిల్లలకు ఎకరా వేరుశనగకు ఖర్చెంతో పుస్తకం చూడకుండా తెలుసు. బోరు ఎన్ని అడుగుల్లో ఎండిందో, ఎవరింట్లో ఎవరు వలస పోయారో, ఏ అప్పు మీద ఎంత వడ్డీ నడుస్తోందో తెలుసు. తమ ఇంటి గడపలోంచే సర్వే మొదలుపెట్టగలరు. కొందరు నిజంగానే చేశారు. ఇల్లిల్లూ తిరిగి, అవ్వల్ని కూర్చోబెట్టుకుని రాసుకొచ్చారు. అలా 2021 నుంచి కరువు జిల్లా పల్లెల మీద ఆ పల్లెల పిల్లలే రాసిన రిపోర్టులు పోగుపడుతున్నాయి. అవన్నీ ఎక్కడున్నాయి? స్పైరల్ బైండింగుతో కాలేజీ స్టాఫ్‌రూము బీరువా పైన, దుమ్ములో. మార్కులు వేశాక వాటిని తెరిచినవాళ్ళు మండలిలో ఒక్కరైనా ఉన్నారా? జిల్లా ప్లానింగు ఆఫీసుకు ఒక్కటైనా పంపారా? చదివేవాడు లేడని తెలిశాక రాసేవాడు ఎన్నాళ్ళు నిజం రాస్తాడు? రెండో ఏటికల్లా పెన్ను రంగులు మార్చడం నేర్చుకునేది ఇక్కడే.

పనిలో పెట్టి నేర్పడం అసాధ్యమేమీ కాదని ఈ జిల్లాకు తెలుసు. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ అనంతపురంలో విదేశీ భాషల స్కూలు ఒకటి నడుపుతోంది. పల్లెల నుంచి వచ్చిన పేద పట్టభద్రులను హాస్టల్లో పెట్టి ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి, జర్మన్, స్పానిష్‌లలో ఒకటి నేర్పి, ఉద్యోగం దాకా చేయి పట్టుకుని నడిపిస్తుంది. అక్కడ పడక ఉంది, తిండి ఉంది, రోజూ అడిగే టీచరు ఉన్నారు. బీఈడీలోనూ పద్ధతి ఉంది. 2014 నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలతో కోర్సు రెండేళ్ళయి, అందులో 20 వారాలు బడిలో పని చేయాలన్నారు. బడి ప్రతి ఊళ్ళో ఉంది, హెడ్మాస్టరు ఉన్నారు, నల్లబల్ల ముందు నిలబడితే నలభై మంది పిల్లలు కళ్ళప్పగించి చూస్తారు. అక్కడ రెండు రంగుల పెన్నులతో పని జరగదు. (కాలేజీ మొహం చూడకుండా బీఈడీ పట్టా అందుకునే ‘నాన్ అటెండింగ్’ వ్యాపారం వేరే కథ. దాన్ని అరికట్టాల్సిన పనీ కొంత మీదే.) శిక్షణ అయ్యాక బీఈడీ వాళ్ళకు ఎదురైంది మాత్రం నిరీక్షణ. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ టీచర్ల నియామకాల దాకా వచ్చింది 2025లోని 16,347 పోస్టుల మెగా డీఎస్సీయే. ఆ ఏడేళ్ళూ యూనివర్సిటీ రీడింగు రూముల్లో, లాడ్జిలాంటి కోచింగ్ హాస్టళ్ళలో గడిచిపోయాయి.

యూనివర్సిటీ అంటే గుర్తొచ్చింది. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్‌లో కుదిరిన ఒప్పందంలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం ఇస్తామన్న మాట ఉంది. నీళ్ళ మాట కన్నా ముందే చదువు మాట ఇచ్చారు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పీజీ సెంటరు ఇక్కడికి వచ్చింది 1968లో, అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది 1981లో. మాటకూ ఆచరణకూ మధ్య 44 ఏళ్ళు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా అనంతపురంలోనే ఉంది. ఇప్పటి జేఎన్‌టీయూ అనంతపురం పుట్టింది 1946లో ఇంజనీరింగ్ కాలేజీగా. మొదట మద్రాసు గిండీలో పాఠాలు మొదలుపెట్టి, 1948లో కాలేజీనే ఇక్కడికి తరలించారు. ఆ రోజుల్లో సర్కారు కాలేజీనే కరువు జిల్లాకు తెచ్చి నిలబెట్టింది. ఇన్నేళ్ళు గడిచాక, పని నేర్చుకునే చోటు పల్లె పిల్లే వెతుక్కుని పోవాలని చెప్పేదాకా మనం ఎలా వచ్చాం?

వజ్రకరూరు మిమ్మల్ని అడిగేది పెద్ద కోరికేమీ కాదు. తప్పనిసరి అన్న ప్రతి నెలకూ పిల్లవాడి పేరిట ఒక చోటు, ఆ చోట ఒక మనిషి, ఆ మనిషి చేతిలో ఏం నేర్పాలో తెలుగులో రాసిన రెండు పేజీలు. పిల్లవాడి బ్యాంకు ఖాతాలో కనీసం ఉపాధి కూలికి తగ్గని డబ్బు. ఆ చోటు చూపించలేని సెమిస్టరులో ఇంటర్న్‌షిప్ లేదని పాఠాలు చెప్పించే నిజాయితీ. దీనికి నిధులు లేవంటే, నిధులు లేని నిబంధన ఎందుకు పెట్టినట్టు? అధికారం లేదంటే, పిల్లవాడికి ఉందనుకున్నారా?

వచ్చే తొలకరికి చేన్లలో మళ్ళీ జనం దిగుతారు. రెండో ఏడాది పరీక్షలు ముగించిన పిల్లలు కూడా అప్పుడే రోడ్డు మీద గుంతకల్లు బస్సు కోసం నిలబడి ఉంటారు. ప్లాస్టిక్ కవరులో మడత పడకుండా పెట్టుకున్న పరిచయ పత్రం, పైన ఆ ఖాళీ. బస్సు వచ్చేలోపు ఆ ఖాళీలో పేరు రాసి పంపే ఏర్పాటు ఈ ఏడాది చేస్తారా, చెయ్యరా? జవాబు కాలేజీలకు సర్క్యులర్‌గా పంపినా సరే, పేపర్లో వేయించినా సరే.

ఇట్లు,
వజ్రకరూరు మండలంలో డిగ్రీ చదివే పిల్లల తరఫున